స్పృహ తప్పినాడంతే

ఆయన పేరు రాయను. బతికినన్నాళ్ళూ పేరు కోసం అంగలార్చిన మనిషి. గోడ మీద పేరు, కరపత్రంలో పేరు, మైకులో పేరు. నిన్న పాడె ముందు పట్టుకుని నడిచిన గుడ్డ మీద కూడా ఎర్ర అక్షరాలతో అదే పేరు. దాన్ని నా కలం నుంచి మాత్రం రానివ్వను. పగ అనుకునేవాళ్ళు అనుకోండి. పగ అయితే ఇన్నేళ్ళలో ఎప్పుడో చల్లారి ఉండేది. ఇది రోత. రోత చల్లారదు.

ఆదోనిలో నా వయసు వాళ్ళకు "సినిమా సామి" అంటే చాలు, మనిషెవరో తెలిసిపోతుంది. తెలియనివాళ్ళకు చెబుతాను. యాభైలలో మా ఊరికి పరభాషా సినిమాలు వచ్చేవి. హిందీ అయితే పర్వాలేదు, సగం ఊరికి ఉర్దూ వచ్చు. ఇంగ్లీషు బొమ్మ వస్తేనే చిక్కు. అప్పుడు తెర పక్కన ఒక స్టూలు వేసేవాళ్ళు. దాని మీద ఈయన, ఈయన ముందు మైకు. తెర మీద దొర నోరు తెరిస్తే ఇక్కడ ఈయన నోరు తెరిచేవాడు. అంతకు ముందు మంత్రాలయం చుట్టుపక్కల పల్లెల్లో హరికథలు చెప్పుకునేవాడట. మైకు రుచి మరిగాక చిడతలు అటక మీద పారేశాడు.

ముందు ఆ గొంతు సంగతి చెప్పాలి. కన్నబిడ్డను కూడా ఎవరూ అంత అపురూపంగా చూసుకోరు. రాళ్ళు పగిలే ఆదోని ఎండల్లో మెడకు ఉన్ని మఫ్లరు. చేతిలో ఎప్పుడూ ఇత్తడి చెంబు, అందులో ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు. ఆట మొదలయ్యే ముందు హాలు గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరి ఎదుట, తల వెనక్కి వాల్చి గరగరలాడించి గోడ మొదట్లో ఉమ్మేవాడు. ఆ గోడ మొదలు ఎప్పుడూ తడిగా, ఈగలతో ఉండేది. నోట్లో అతిమధురం వేరు ముక్క ఒకటి నానుతూ ఉండేది. మాట్లాడాల్సి వచ్చినప్పుడు దాన్ని తీసి, జిగురు సాగుతుండగానే జేబురుమాలు మడతలో పెట్టి, మాట అయిపోగానే మళ్ళీ నోట్లో వేసుకునేవాడు. ఆ రుమాలును నేనొకసారి దగ్గర నుంచి చూశాను. ఇప్పటికీ అతిమధురం పేరు వింటే నాకు అన్నం సయించదు.

అయినా అబద్ధం చెప్పను. ఆ నోట్లో నుంచి వచ్చే గొంతు మాత్రం అమృతం. గుసగుసగా అంటే వెనక గోడకు ఆనుకున్నవాడికీ వినబడేది. ఆడపిల్ల ఏడుపు ఏడిస్తే హాలంతా ముక్కులు చీదేది.

"బొమ్మ వాళ్ళది, కథ మనది" అనేవాడు. అదే ఆయన సిద్ధాంతం. ఇంగ్లీషు పేర్లు చెబితే జనానికి గుర్తుండవని అన్నీ మన పేర్లే పెట్టేవాడు. హీరో శీనప్ప. విలన్ ఎవరైనా సరే అమీను. కోర్టు నుంచి వచ్చి ఇంట్లో సామాను జప్తు చేసుకుపోయే అమీనంటే మా ప్రాంతంలో ఎవరికైనా మంటే కాబట్టి, ఆ ఒక్క మాటతో విలన్ ఎవరో అందరికీ అర్థమైపోయేది. తెర మీద మంచు కురిస్తే, "తెల్లగా రాలేది మంచు. మన జిన్నింగు మిల్లు కొట్టంలో పత్తి ఎగరదా, అట్ల" అనేవాడు. మంచు ముఖం చూడని ఆడవాళ్ళు తలలూపేవాళ్ళు. పత్తి కొట్టంలో దగ్గీ దగ్గీ బతికినవాళ్ళు మరి, వాళ్ళకు అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఆయన కథలో ఎవరూ చచ్చేవాళ్ళు కాదు. దీనికీ కారణం ఉంది. మా అమ్మ, మా వీధి ఆడవాళ్ళు ఒక పట్టు పట్టి కూర్చున్నారు. సినిమాలో చూసినా చావు చావే. చావు చూసి ఇంటికొస్తే తలకు పోసుకోకుండా పొయ్యి దగ్గరికి పోకూడదు. ఆదోనిలో నీళ్ళ కరువు తెలిసినవాళ్ళకు దీని అర్థం తెలుస్తుంది. బావిలో చేద వేస్తే బురద వచ్చే రోజుల్లో, ఎవడో దొర చచ్చాడని తలకు పోసుకోవడానికి నీళ్ళెక్కడివి? అందుకని చావున్న సినిమాకు ఆడవాళ్ళు వెళ్ళడం మానేశారు. హాలు సగం ఖాళీ. అప్పుడీయన ఉపాయం కనిపెట్టాడు. గుండు తగిలి హీరో నేలకొరగగానే మైకులో గొంతు తగ్గించి అనేవాడు:

"భయపడొద్దండి తల్లీ. స్పృహ తప్పినాడంతే."

నీళ్ళలో మునిగిపోయిన పిల్లను బళ్ళారి ఆస్పత్రికి తీసుకుపోయేవాడు. ఉరి తీసిన మనిషికి తాడు తెగేది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఇంటికొచ్చి, ఏ స్నానమూ లేకుండా పొయ్యి వెలిగించేవాళ్ళు. "సామి ఉంటే ఎవురూ సావరు" అని మా అమ్మ మెచ్చుకునేది. పాపిష్టి మాట.

మా అన్న ఈరన్న ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరు. నేను ఎమ్మిగనూరు బడిలో టీచరుగా కొత్తగా చేరాను. ఆ ఏడు సుగ్గిలో, అంటే పంట చేతికొచ్చి మిల్లుల్లో పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో, ఉరుకుందమ్మ అనే మనిషి చెయ్యి బెల్టులో పడి వేళ్ళు నలిగిపోయాయి. బెల్టుకు చెయ్యి పడకుండా అడ్డంగా వేసే ఇనుప జాలీ లేదు. జాలీ వేయమని మా అన్న అడగని రోజు లేదు. మిల్లు సావుకారి వేయించలేదు సరికదా, వేళ్ళు లేని మనిషి నాకెందుకని ఉరుకుందమ్మను పనిలోంచి తీసేశాడు. దాంతో మిల్లులో ఆడవాళ్ళంతా పని ఆపి గేటు బయట కూర్చున్నారు. బెల్టులన్నిటికీ జాలీ వేయాలి, ఉరుకుందమ్మను తిరిగి తీసుకోవాలి. అడిగింది ఈ రెండే.

ఆస్పరి వైపు నుంచి బండ్ల మీద వచ్చిన పత్తి కప్పు లేని చోట కొండలా పడి ఉంది. మబ్బు పడితే సావుకారికి గుండె ఆగేటట్టుండేది. కానీ ఇళ్ళలో పొయ్యిలు కూడా ఆగిపోయాయి. సావుకారి చివరి మాటగా కబురు పంపాడు: సోమవారం పొద్దున మిల్లు కూత కూసినప్పుడు లోపలికి వచ్చినవాళ్ళు వచ్చినట్టు, రానివాళ్ళ చోటికి సి.బెళగల్ వైపు నుంచి కొత్తవాళ్ళను తెస్తాను. ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. ఆ ఒక్క సోమవారం నిలబడితే సావుకారి దిగివస్తాడని మా అన్న లెక్క.

సరిగ్గా అప్పుడే మా అన్నకు బళ్ళారి స్నేహితులు ఒక రష్యా సినిమా ఉందని చెప్పారు. యుద్ధంలో జర్మనీ వాళ్ళకు చిక్కిన రష్యా సైనికులు, ముళ్ళకంచె లోపల రాళ్ళు కొట్టి కొట్టి, చివరికి తిరగబడి కంచె తెంచుకుని బయటపడే కథ. మా అన్న ఎగిరి గంతేశాడు. శనివారం సాయంత్రం ఎమ్మిగనూరు డేరా టాకీసులో నేతపనివాళ్ళకు, ఆదివారం పొద్దున ఆదోని హాల్లో మిల్లు ఆడవాళ్ళకు వేయించాలని ఏర్పాటు చేశాడు. ఆదోని హాలు కూడా మిల్లు సావుకారిదే. అడగ్గానే ఇచ్చాడు. మా అన్న దాన్ని మంచితనం అనుకున్నాడు.

సినిమాతో పాటు ఇంగ్లీషులో కథ రాసిన కాగితం ఒకటి వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఆదోనిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని దాన్ని నేనే సామికి తెలుగులో చెప్పాను. వేరుముక్క చప్పరిస్తూ, కళ్ళు మూసుకుని విన్నాడు. విన్నాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సామీ, రేపు ఆదోని ఆటే మాకు ముఖ్యం" అన్నాడు మా అన్న. "సోమవారం కూత కూసేటప్పటికి మా ఆడోళ్ళు గేటు బయటే నిలబడల్ల. ఆ ధైర్యం నీ నోట్లో ఉండాది."

"ఈరన్నా, నువ్వు బొమ్మ తెచ్చినావు. కథ నాకిడిసిపెట్టు" అన్నాడు ఈయన, మా అన్న భుజం తట్టి. వేరుముక్క తీసిన చేత్తోనే తట్టాడు.

ఆ సాయంత్రం డేరాలో నేను విన్నది మళ్ళీ ఎక్కడా వినలేదు. తెర మీద మంచు, కంచె, ఎముకల గూళ్ళలాంటి మనుషులు. ఖైదీల్లో ఒకడు మెకానిక్. షెడ్డులో దొంగతనంగా కంచె తెంచే కత్తెర తయారు చేస్తుంటాడు. ఈయన వాడికి శీనప్ప అని పేరు పెట్టలేదు. "ఈ ఫిట్టరన్నను సూడండి" అన్నాడు. డేరాలో సగంమంది మా అన్న వైపు తిరిగారు. అన్న సిగ్గుతో తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ముళ్ళకంచె అంటే ఏమనుకున్నారు? మీ మగ్గం మీద పోగు లాంటిదే. మీ పోగు తెగితే కూసోని ముడేస్తారు. ఈ పోగు మాత్రం తెంచల్లప్పా, తెంచల్ల!"

నేతగాళ్ళు ఈలలు వేశారు. కట్టు కట్టిన చేతితో రాళ్ళు మోసే కుర్ర ఖైదీని చూపించి, "ఆ చేతికి ఏమైందని ఎవురన్నా అడిగినారా? రాయికి ఉండే విలువ చేతికి లేదు ఈడ" అన్నాడు. ఆఖర్న గడ్డం ముసలాయన ఒకడు, మిగతావాళ్ళు బయటికి పరుగెత్తేదాకా గేటును భుజంతో ఆపి, తూటాలు తగిలి కూలిపోతాడు. అప్పుడు మైకులో నెమ్మదిగా వచ్చింది ఆ మాట:

"భయపడొద్దండి. ముసలాయప్ప స్పృహ తప్పినాడంతే. తెల్లారితే లేస్తాడు. లేసి, ఇంగొక గేటు తెరుస్తాడు."

జనం లేచి నిలబడ్డారు. నేను ఏడ్చాను. మా అన్న ఆయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయనకు కథ అర్థం కాలేదని రేపెవరూ అనకూడదు. మా అందరికంటే బాగా అర్థమైంది.

ఆ రాత్రి ఎమ్మిగనూరులోనే ఉండి, ఆదివారం పొద్దున్నే ఆదోని బస్సెక్కడానికి పోతే సామి లేడు. బస్టాండు పక్క హోటలు మనిషిని అడిగాం.

"సావుకారి జీపొచ్చె. ఎక్కి పాయె. ఉగ్గాని తిని పో సామీ అన్నా నిల్సలే" అన్నాడు.

"మంచిదేలే. దుమ్ము తినకుండా పోయినాడు, గొంతు బాగుంటాది" అన్నాడు మా అన్న. అంత తెల్లని మనసు ఆయనది.

హాలు గుమ్మం దగ్గర కనిపించాడు. మెడకు పాత ఉన్ని మఫ్లరు కాదు, కొత్తది, పట్టుది. మేం దగ్గరికి వచ్చేసరికి తల వెనక్కి వాల్చి పుక్కిలిస్తున్నాడు. మేం దాటిపోయేదాకా ఆ తల దించలేదు.

ఆడవాళ్ళ వైపు మా అమ్మ, నేను, మధ్యలో ఉరుకుందమ్మ కూర్చున్నాం. కట్టు కట్టిన చేతిని కొంగు కింద దాచుకుంది. చుట్టూ మిల్లు ఆడవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని. మగవాళ్ళ వైపు వెనకగా మా అన్న. ముందు బెంచీల నిండా మాత్రం సావుకారి అంగడి గుమాస్తాలు, హమాలీలు. వాళ్ళనెవరు పిలిచారో అప్పుడు ఆలోచించలేదు.

దీపాలు ఆరాయి. అదే మంచు, అదే కంచె. మైకు దగ్గర గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఇది జైలు తల్లీ. లోపలుండేది దోపిడీ దొంగలు. టోపీలు పెట్టుకుని కాపలా ఉండేది పోలీసోళ్ళు. పాపం, పెండ్లాం బిడ్డల్ని ఇడిసిపెట్టి ఈ మంచులో వీళ్ళకు కావలి కాస్తాండారు."

నాకు అర్థం కాలేదు. తప్పు రీలు వేశారేమో అనుకున్నాను. తెర మీద మాత్రం నిన్నటి ముఖాలే.

"వీని పేరు ఫిట్టరు" అన్నాడు, మెకానిక్ ఖైదీ కనిపించగానే. నిన్న "ఫిట్టరన్న" అన్న నోరే ఇవాళ "ఫిట్టరుగాడు" అంది. "ఈ ఫిట్టరుగానికి సేతనైన పని ఒకటే. బాగుండే మిషను పాడు సెయ్యడం, బాగుండే మనుసుల్ని పాడు సెయ్యడం." మా అన్నకు తువ్వాలును తలకు చుట్టి మళ్ళీ విప్పే అలవాటుంది. స్టూలు మీద కూర్చున్నవాడు, తెర వెలుతురులో అందరికీ కనబడేటట్టు, తన పట్టు మఫ్లరును అచ్చం అలాగే తలకు చుట్టి విప్పాడు. ముందు బెంచీలు గొల్లుమన్నాయి. వాళ్ళ నవ్వు వెనక్కి పాకింది. పనిలేక ఇన్నాళ్ళు నవ్వని ఆడవాళ్ళు కూడా నవ్వారు.

ఒక మిల్లు ఆడమనిషి ఉండబట్టలేక పైకే అంది: "పాపం, కడుపులు సూడు సామీ, ఎట్ల అంటుకపోయినాయో!"

ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "దోసిందంతా తాగుడుకు పోస్తే కడుపు అంటుకపోక ఏమైతాది తల్లీ?"

ఆకలితో వచ్చిన హాలు ఆకలిని చూసి నవ్వింది. అంత రోత నవ్వు నా జన్మలో వినలేదు.

తర్వాత కట్టు కట్టిన చేతి కుర్రవాడు తెర మీదికి వచ్చాడు. నా పక్కన ఉరుకుందమ్మ ముందుకు వంగింది. "వీడు సూడండి. పని కాడ నిద్రపోయి సెయ్యి పోగొట్టుకున్నాడు. ఇప్పుడు తన సెయ్యి పోయిందని పదిమంది నోటికాడి కూడు పడగొడతాండాడు." హాల్లో ఎవరూ వెనక్కి తిరిగి ఉరుకుందమ్మను చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు, అందరికీ తెలుసు. ఆమె కొంగు కింది చేతిని ఇంకా లోపలికి లాక్కుంది.

"అబద్ధం!" మా అన్న లేచాడు. "నిన్న ఎమ్మిగనూరులో ఇంగోరకంగా సెప్పినావు గదా సామీ! వాళ్ళు దొంగలు గాదు, సైనికులు!"

మైకులో చిన్న నవ్వు. "ఈయన్నకు రష్యా బాస వచ్చునంట. రా అన్నా పైకి, నువ్వే సెప్పు. ఇప్పుడు వాడేమన్నె?"

తెర మీద ఖైదీ ఏదో అన్నాడు. మా అన్న నోరు తెరిచి నిలబడ్డాడు. ఆయనకు రష్యా భాష ఎక్కడొస్తుంది? సామికీ రాదు. కానీ మైకు సామి దగ్గరుంది. "కూసోవయ్యా ఫిట్టరూ" అని ముందు బెంచీల నుంచి ఎవడో అరిచాడు. నేను లేచి, కథ కాగితం చదివి చెప్పింది నేనేనని గొంతు చించుకున్నాను.

"టీచరమ్మకు మనసు బాగలేదు. ఎవురన్నా మంచినీళ్ళియ్యండప్పా" అన్నాడు, ఎంతో దయగా.

చివరికి తిరుగుబాటు వచ్చింది. ఖైదీలు కంచె తెంచారు. ముసలాయన గేటుకు భుజమిచ్చాడు. తూటాలు పేలాయి. ఒక్కొక్కరే మంచులో పడిపోతున్నారు. ముసలాయన కూడా మోకాళ్ళ మీద కూలిపోయాడు. దొంగలని చెప్పినా సరే, పడిపోయే మనిషిని చూస్తే ఆడవాళ్ళకు నవ్వు ఆగిపోయింది. ఉరుకుందమ్మ నా చెవిలో అంది: "సూడు టీచరమ్మా, ఇప్పుడు సెప్తాడు. స్పృహ తప్పినాడంటాడు." ఆమె ఒక్కతే కాదు, హాలంతా ఆ మాట కోసమే కనిపెట్టుకుని ఉంది. ఎన్నేళ్ళుగానో ఆ మాట రాకుండా ఎవరూ నేల మీద పడలేదు మరి.

గుటక వేసిన చప్పుడు మైకులో వినబడింది.

"సచ్చినారు" అన్నాడు. "అందరూ సచ్చినారు తల్లీ. ఆ అడివిలోకి పరుగెత్తేది పోలీసోళ్ళు, మిగిలినోళ్ళను ఏరుకోడానికి. తిరగబడినోళ్ళ గతి ఇంతే. ఇండ్లకు పోండి. రేపు పొద్దున పనులుండాయి."

ముందు బెంచీలు చప్పట్లు కొట్టాయి. వాళ్ళను చూసి వెనకవాళ్ళు కొట్టారు.

ఆ మధ్యాహ్నం మా వీధి వీధంతా తలస్నానాలు. చూసింది దొంగల చావైనా, ఎవరి చావైనా, చావు చావే. బురద తేరిన నీళ్ళు వడగట్టుకుని, ఆడవాళ్ళంతా తలకు పోసుకున్నారు. ఉరుకుందమ్మ ఒంటి చేత్తో పోసుకోలేకపోతే నేనే పోశాను. పోస్తూ అసలు కథంతా, ఎమ్మిగనూరు డేరాలో ఆయన చెప్పిందంతా చెప్పాను.

"అయితే ముసలాయప్ప నిజంగానే సచ్చిపోయినాడా?" అంది.

"చచ్చిపోయాడు. గేటు తెరిచి చచ్చిపోయాడు."

"ఎమ్మిగనూరోళ్ళకు లేపినాడు. మాకెందుకు లేపలే?"

నేను ఇంకో చెంబు పోశాను.

సోమవారం కూత కూసింది. ఆడవాళ్ళు తలలు వంచుకుని లోపలికి పోయారు. కొందరు మా అన్నను చూడకుండా పోయారు, కొందరు చూసి కొంగు అడ్డం పెట్టుకుని పోయారు. "ఫిట్టరుగాడు, ఫిట్టరుగాడు" అని పిల్లలు తువ్వాళ్ళు తలకు చుట్టి విప్పుతూ మా అన్న చుట్టూ గంతులేశారు. గేటు బయట మిగిలింది మా అన్న, నేను, ఉరుకుందమ్మ. జాలీలు వేయలేదు. ఆ సుగ్గి తిరక్కముందే ఇంకో పిల్ల చెయ్యి పోయింది.

మా అన్నకు ఆదోనిలో ఏ మిల్లూ పని ఇవ్వలేదు. రాయచూరు పోయి అక్కడే బతికి అక్కడే పోయాడు. మళ్ళీ ఏ సినిమాకూ పోలేదు. తువ్వాలు తలకు చుట్టుకోవడం కూడా మానేశాడని మా వదిన చెప్పింది. ఉరుకుందమ్మ సంతలో ఎడమ చేత్తో మిరపకాయలు తూచి అమ్ముకునేది.

ఇంతటితో అయిపోయి ఉంటే నేను ఆయన్ని ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో. అన్న ఊరు విడిచిన కొన్నాళ్ళకు, ఒక సెలవు రోజు పొద్దున, మా ఇంటికే వచ్చాడు. చంకలో చుట్టిన వాల్‌పోస్టరు. అరుగు మీద పరిచి చూపించాడు. ఏదో ఇంగ్లీషు బొమ్మ. దాని పేరెంత పెద్దగా ఉందో, దాని కింద "కథ చెప్పువారు" అని ఆయన పేరు అంత పెద్దగా ఉంది.

"హాలున్నంత కాలం ఇట్లే ఏస్తానన్నాడు టీచరమ్మా, సావుకారి. మాట మింద నిలబడే మనిసి."

ఇంటికి వచ్చిన మనిషిని పొమ్మనడం చేతగాక మా అమ్మ ఉగ్గాని, బజ్జీలు ప్లేటులో పెట్టి ఇచ్చింది. వేరుముక్కను రుమాల్లో దాచి, నూనె మణికట్టు దాకా కారుతుంటే నాకుతూ తిన్నాడు. తింటూ తింటూ నా వైపు వంగి, కళ్ళు మెరుస్తుండగా అడిగాడు:

"ఆ పొద్దు కడుపుల మాట ఎట్లుండె టీచరమ్మా? అంటుకపోయిన కడుపుల మాట? ముందు అనుకున్నది గాదు. అప్పటికప్పుడు తట్టె!"

మెచ్చుకుంటానని చూస్తున్నాడు. మా అన్న చెల్లెలిని, నా నోటితో, భలే అన్నావు సామీ అంటానని.

"అదంతా చెప్పమన్నది సావుకారేనా?" అన్నాను.

"ఆయప్పకు కథలేం తెలుసు!" నొచ్చుకున్నట్టే అన్నాడు. "జీపులో ఒకే మాట అన్నె. రేపు పనులకు రావల్ల సామీ, సచ్చినోళ్ళను లేపొద్దు అన్నె. అంతే. మిగతాదంతా నాదే."

మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. వచ్చింది. ఆయన ముందున్న ప్లేటు తీసుకుంది. దొడ్లోకి పోయి బర్రె కుడితి తొట్టిలో గుమ్మరించి, ప్లేటును బూడిదతో రుద్దడం మొదలుపెట్టింది.

"ఇంగొక బజ్జీ ఉండె గదమ్మా దాంట్లో" అన్నాడు, దొడ్డివైపు చూస్తూ.

అదీ మనిషి. దుర్మార్గుడైతే భయపడేదాన్ని, ద్వేషించేదాన్ని. ఈయనకు తను చేసింది ఏమిటో కూడా పట్టలేదు. మాట బాగా పేలిందా లేదా, అంతే. ఆ మాట ఎవరి కడుపు మీద పేలిందన్నది ఆయన లెక్కలో లేదు.

తర్వాత తెలుగు బొమ్మలే ఎక్కువయ్యాయి, కథ చెప్పేవాళ్ళ అవసరం తీరిపోయింది. ఆయన మాత్రం మఫ్లరు వదల్లేదు. పెళ్ళిళ్ళలో, ఎన్నికల్లో ఎవరి మైకు దొరికితే వాళ్ళ మాట చెప్పాడు. ఊరు ఆయనకు సన్మానాలు చేసింది. బజారులో ఎదురుపడితే నేను వీధి దాటి అవతలికి పోయేదాన్ని.

నిన్న మాత్రం పోయాను. పోవాలనిపించింది. ఎందుకని మా కోడలు అడిగితే చెప్పలేకపోయాను. వాకిట్లో పడుకోబెట్టారు. మెడకు ఆ పట్టు మఫ్లరే, రంగు వెలిసిపోయి. గొంతు ఉబ్బి ఉంది. నోటి పక్క ఈగ ఒకటి తిరుగుతోంది. చుట్టూ చేరిన ముసలివాళ్ళు ఆయన చెప్పిన సినిమాలు ఒక్కొక్కటే తలుచుకుంటున్నారు. ఎవరో ఆ రష్యా సినిమా కూడా తలుచుకున్నారు. "దొంగల బొమ్మ, ఏం నవ్వించినాడప్పా!" అన్నారు. ఎమ్మిగనూరు డేరాలో ఆడిన కథ ఎవరికీ గుర్తు లేదు. ఆదోనిలో ఆడిందే మిగిలింది.

ఆ హాల్లో ఒకప్పుడు గేటు కాసిన ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ, అందరినీ ఓదారుస్తున్నట్టు, ఆయన గొంతునే అనుకరిస్తూ అన్నాడు:

"భయపడొద్దండి తల్లీ. సామి స్పృహ తప్పినాడంతే."

అంతా ఏడుస్తూనే నవ్వారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు.

"లేదప్పా" అన్నాను. నా గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "సచ్చినాడు."

అందరూ నా వైపు తిరిగారు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి మా కోడలు బాయిలరు వెలిగించి, దొడ్లో బకెట్టు నిండా నీళ్ళు తోడి పెట్టింది.

"ఎందుకివి?" అన్నాను.

"సావింటికి పోయొచ్చినారు గదత్తా. తలకు పోసుకోరా?"

"నేను తలకు పోసుకోవాల్సిన చావుకు ఆ ఆదివారమే పోసుకున్నాను" అన్నాను. "ఆ నీళ్ళు బట్టలకు వాడుకో."